గ్రహణం నాటి గరిక

ఆగస్టు 18, సోమవారం

ఈ పుస్తకం నేను పనిచేసే ల్యాబులో చదువుకునే సింధు మేడం ఇచ్చింది. నేను అడగలేదు. ల్యాబులో వాళ్లు రాసుకునే రకమే. గట్టి అట్ట, ప్రతి పేజీకీ నెంబరు అచ్చువేసి ఉంది.

"రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు వాడకపోతే మరిచిపోతారండీ ముత్తయ్యగారూ. రోజుకు నాలుగు ముక్కలు రాస్తూ ఉండండి."

"ఏం రాయాలె మేడం?"

"ఏదైనా. మీకోసమే. ఎవరూ చదవరు."

ఈ పుస్తకానికి ఒక కట్టుబాటు ఉందని కూడా చెప్పింది. పేజీ చింపరాదు. తప్పు రాస్తే చెరపరాదు. కింద అక్షరాలు కనబడేటట్టు ఒకే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, ఆ రోజు తేదీ వేసి, సంతకం పెట్టాలి. నా సొంత పుస్తకానికి ఇవన్నీ ఎందుకో.

పేరు ముత్తయ్య. ఊరు తొండుపల్లి. వయసు డెబ్బై దగ్గర. ఆధార్ కార్డులో ఉన్నది తప్పు.

ఆగస్టు 23, శనివారం

బస్సులో ఉపేందర్ కలిశాడు. మా ఊరి పిల్లగాడే, ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కిస్తాడు. నలుగురూ వినేటట్టు అడిగాడు.

"ఏం కాకా, బర్లు కాసినోనివి, ఇప్పుడు చీమిడి కాస్తున్నవంట?"

"చీమిడి గాదుర. నీ కన్న తెలివి ఉన్నది దానికి. తిండి ఏడున్నా తొవ్వ తప్పదు."

బస్సంతా నవ్వింది. నేను దిగిపోయాను.

నా పని రాజేంద్రనగర్ దాటాక ఒక మూడంతస్తుల బిల్డింగులో. ఊడ్చే పని అనుకుంటారు ఊళ్లో. ఊడ్చడానికి వేరే ఆమె ఉంది. నాది సాకే పని. గాజు డిష్‌లలో తడి కాగితం మీద పసుపు రంగు జిగురు ఒకటి పెరుగుతుంది. అడవిలో కుళ్లిన దుంగల మీద ఉంటుందట. దానికి ఓట్స్ వేయాలి, కాగితం మార్చాలి, వెలుగు తగలకుండా మూత వేయాలి. అరచేయంత పరుచుకున్నా అది ఒకటే ప్రాణం. లోపల గోడలు లేవు. గోడల్లేని ఇంట్లో కోట్ల మంది కాపురం ఉన్నట్టు కోట్ల కేంద్రకాలు ఉంటాయట. ఇంచుమించు పది గంటలకోసారి అవన్నీ ఒక్కసారే రెండుగా చీలతాయి. చీలిన వెంటనే మళ్లీ డీఎన్‌ఏకు నకలు తయారు కావడం మొదలవుతుంది.

నకలు అంటే నాకు తెలుసు. భూమి పహాణీ నకలు కోసం తాసీల్ ఆఫీసు ముందర ఎన్ని ఎండాకాలాలు నిలబడ్డానో. అందుకే అడిగాను.

"నకలు మొదటి పేజీ నుంచేనా మేడం?"

"కాదండీ. ఒకేసారి చాలా చోట్ల మొదలవుతుంది. ఏ చోట్లో కనుక్కోవడమే నా పని. పని చేస్తున్న జన్యువు పక్కనే ముందుగా మొదలవుతోంది. పని చేయని జన్యువుల వంతు బాగా ఆలస్యంగా వస్తోంది."

"అంటే సాగుల ఉన్న మడి పక్క నుంచి మొదలు. బీడు ఆఖరుకు."

ఆ అమ్మాయి నవ్వి, నా మాట చీటీ మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. "నేను నాలుగేళ్లుగా చెప్పలేకపోతున్నది ఒక్క ముక్కలో చెప్పేశారు" అంది.

నా రెండెకరాల ఇరవై గుంటలు విమానాలు దిగే బాట కింద ఉన్నాయి. అవి పోకముందు చుట్టుపక్కల నాలుగూళ్లకు నేను విత్తనం ముత్తయ్యను. వరి పొట్టమీద ఉన్నప్పుడు గట్టు మీద నడుస్తూనే వేరే రకం కలిసిన బెరుకు మొక్క ఎక్కడుందో చెప్పేవాణ్ని. పీకి అవతల పారేసేవాణ్ని. నా దగ్గర తీసుకున్న బస్తాలో వేరే రకం గింజ ఒక్కటి వచ్చిందని ఎవడూ అనలేదు.

సెప్టెంబర్ 5, శుక్రవారం

సింధు మేడం బెంగుళూరు పోయింది. ఏదో ట్రైనింగు, పది రోజులు. పోయేముందు నాలుగు డిష్‌లూ నాకు అప్పజెప్పింది.

"ఇప్పుడు నాకున్నవి ఈ నాలుగేనండీ. ఎండబెట్టి దాచుకున్నవి జూన్‌లో తేమకు పాడైపోయాయి కదా."

ఈ జిగురును మెల్లగా ఎండనిస్తే చింతపండు పొరలా అట్టకట్టి నిద్రపోతుంది. తడి తగిలితే నెలల తరవాత కూడా లేస్తుంది. ఆమెవి పాడయ్యాయి గాని బీరువాలో ఇంకో కవరు ఉంది. శ్రావణ్‌కుమార్ అని ముందు ఇక్కడ చదివిన పిల్లవాడిది.

"అది ఉన్నది గద మేడం?"

"అది వేరే రకమండీ. నేను చూస్తున్న జన్యువు అందులో పని చేయదు. టైముంటే దాని మీద కూడా చేసి చూడాలి. ఎక్కడుంది టైము? అది మనకు పనికిరాదు, ముట్టుకోకండి."

ముట్టుకోను అన్నాను.

సెప్టెంబర్ 7, ఆదివారం

గ్రహణం. పొద్దున ల్యాబుకు పోయి వచ్చాను. ఏం కాలేదు.

సెప్టెంబర్ 8, సోమవారం

ఏం కాలేదు.

సెప్టెంబర్ 10, బుధవారం

వాన. రాయడానికి ఏమీ లేదు.

సెప్టెంబర్ 13, శనివారం

నాలుగు డిష్‌లూ బాగున్నాయి.

సెప్టెంబర్ 15, సోమవారం

మేడం వచ్చింది. మైసూర్‌పాక్ తెచ్చింది, మా ఇంటామె దుర్గవ్వకు కూడా ఒక డబ్బా. డిష్‌లు వెలుగుకు పట్టి చూసింది. "నేనున్నప్పటి కన్నా బాగున్నాయి" అంది.

మైసూర్‌పాక్ నేను తినలేదు. పన్ను నొప్పి.

సెప్టెంబర్ 21, ఆదివారం

పెత్రమాస. పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చే రోజు. అయ్యగారి ముందర విస్తరిలో బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు పెట్టి కూచున్నాను. పేర్లు చెప్పమన్నాడు. మా నాయిన పేరు చెప్పాను. అమ్మ పేరు, తాత పేరు చెప్పాను. "ఇంకెవరన్న ఉన్నరా?" అన్నాడు. నోరు తెరిచాను. ఏం చెప్పాలి? పేరు లేదు దానికి.

ఎవరూ చదవరని ఆ అమ్మాయే చెప్పింది కదా. రాస్తున్నాను.

గ్రహణం నాడు దుర్గవ్వ పొద్దున్నే పాల గిన్నెలో, పెరుగు ముంతలో, మామిడికాయ తొక్కు జాడీలో గరిక పోచలు వేసింది. గ్రహణం గాలి తగిలి చెడకుండా వేస్తాం. మా అమ్మ వేసింది, వాళ్లమ్మ వేసింది. మధ్యాహ్నం నుంచే పట్టింపు అన్నారు. నేను ఆదివారమైనా పొద్దున ఓట్స్ వేయడానికి ల్యాబుకు పోయాను. మనిషి లేడు. నాలుగు డిష్‌లు, ప్రాణం ఉన్నవి, ఇల్లు విడిచి పోయినవాళ్ల పిల్లల్లాగా ఉన్నాయి. వాటికి ఎవరు వేస్తారు గరిక? బిల్డింగు వెనక మురికి నాలా పక్కన నాలుగు పోచలు కోశాను. నల్లా కింద కడిగాను. మూతలు తీసి, ఒక్కో డిష్‌లో ఒక్కో పోచ పెట్టి, మళ్లీ మూతలు వేశాను. మనసు నిమ్మళమైంది.

సోమవారం పోచల చుట్టూ తెల్ల బూజు కనబడింది. మంగళవారం వాసన. పసుపు రంగు పోయి గోధుమరంగు నీళ్లయింది. అంచు కోసి కొత్త కాగితం మీద పెట్టాను, అది కూడా పట్టలేదు. బుధవారం నాలుగూ పోయాయి. వాన పడుతోంది. నాలుగూ కడిగేశాను.

బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది. శ్రావణ్‌కుమార్ కవరులోంచి నాలుగు ముక్కలు తీసి తడి కాగితం మీద పెట్టాను. గురువారం లేచాయి. శనివారానికి డిష్ నిండా పరుచుకున్నాయి.

వానాకాలం కాబట్టి ఎట్లయినా బూజు పట్టేదేమో. జూన్‌లో ఆమె దాచుకున్నవి తేమకే కదా పోయాయి. అప్పుడు నేను గరిక పెట్టలేదు కదా.

పసుపు పసుపే.

అక్టోబర్ 9, గురువారం

మేడం డిష్‌లోది చీలే సమయం చూసి, ఐదు నిమిషాలకోసారి ముక్క కోసి మంచులో పెట్టింది. నేను గడియారం పట్టుకుని నిమిషాలు చెప్పాను. ఆ పని నా కన్నా బాగా ఎవరూ చేయరు.

అక్టోబర్ 17, శుక్రవారం

ఆమె అనుకున్నట్టు రాలేదట. ఆ జన్యువు పక్కన నకలు మొదలవలేదట. "నేనే ఎక్కడో పొరపాటు చేసి ఉంటాను, మళ్లీ చేస్తాను" అంది.

రాలేదంటే రాలేదు. ప్రతి పంటా ఒక్క తీరుగా వస్తుందా?

అక్టోబర్ 31, శుక్రవారం

మళ్లీ రాలేదు. మేడం మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవలేదు.

నిజం రాయాలంటే, ఈ రకం అంచు కొంచెం పలచగా పారుతుంది. నరాలు సన్నగా ఉంటాయి. నాకు మొదటి రోజే కనబడింది. ఆ అమ్మాయి అంత పెద్ద మిషన్‌లో చూస్తుంది, ఆమెకు కనబడలేదు. గట్టు మీద నడిచి చూడాల్సింది మిషన్‌లో చూస్తే ఎట్లా కనబడుతుంది?

నవంబర్ 4, మంగళవారం

జగన్మోహనరావు సార్ పిలిచాడు. మేడంకు గైడు ఆయన. మంచివాడే గాని ముక్కు మీద కళ్లద్దాల్లోంచి కాకుండా పైనుంచి చూస్తాడు.

"ముత్తయ్యా, కల్చర్‌లో ఏమైనా తేడా వచ్చిందా? సింధు ఊళ్లో లేనప్పుడు డిష్‌లు మారడం గానీ, కలవడం గానీ జరిగిందా?"

"నా చేతుల ఏదీ మారదు సార్."

"ఎందుకు అడుగుతున్నానంటే..."

"ముప్పై ఏండ్లు ఇత్తనం అమ్మిన సార్ నేను. నన్ను ఇట్ల ఎవడు అడగలే."

ఆయన తల వంచుకున్నాడు. "సరేనయ్యా, తప్పుగా అనుకోకు" అన్నాడు. గట్టిగా జవాబు చెప్పానని మెట్లు దిగుతున్నంతసేపూ అనుకున్నాను.

నవంబర్ 5, బుధవారం

ఏం కాలేదు.

నవంబర్ 18, మంగళవారం

మూడోసారి కూడా రాలేదు.

తలుపు సగం తెరిచి ఉంది. నేను బయట ట్రేలు తుడుస్తున్నాను. సార్ గొంతు పెంచడు. అదే భయం.

"చూడమ్మా సింధూ. ఎనిమిది నెలలు ఒకలా వచ్చింది. ఇప్పుడు మూడుసార్లు మరోలా వచ్చింది. రెండూ నిజం కావడానికి వీల్లేదు. ఇప్పటివి నా కళ్లముందు చేశావు. మరి ముందువి?"

"ముందువి కూడా చేసినవే సార్. కావాలంటే ఆ శాంపిల్స్ ఫ్రీజర్‌లో ఉన్నాయి."

"శాంపిల్స్ ఉండటం వేరు, అవి ఏమిటో నమ్మడం వేరు. పోనీ కల్చర్ మారిందేమో పరీక్ష చేయించు. వారం పని."

"అనవసరం సార్. కల్చర్ ముత్తయ్యగారి చేతిలో ఉంది. ఆయన్ని అనుమానించి పరీక్ష చేయిస్తే ఆయన ముఖం నేను చూడలేను. తప్పు ఉంటే నాదే ఉంటుంది."

"అయితే పాత ఫలితాలు వెనక్కి తీసుకుంటున్నానని రాసివ్వు. డిసెంబర్ రెండున కమిటీ ముందు పెడతాను. అడ్డంగా మాట్లాడితే వాళ్లు తప్పు అనరు, కల్పించావు అంటారు. ఆ మాట పడితే ఎక్కడా పని దొరకదు నీకు."

ట్రే నా చేతిలోంచి జారింది. మేడం బయటకు వచ్చి చూసి, "చేయి తెగిందా ముత్తయ్యగారూ?" అంది. తెగలేదు.

నవంబర్ 19, బుధవారం

పన్ను నొప్పి. పోలేదు.

నవంబర్ 20, గురువారం

పోలేదు.

నవంబర్ 24, సోమవారం

పోయాను. ఫ్రిజ్ మీద చీటీ అట్లాగే ఉంది. సాగులో ఉన్న మడి పక్క నుంచి మొదలు, బీడు ఆఖరుకు. కింద చిన్న అక్షరాలతో "ముత్తయ్యగారు" అని ఉంది. ఇన్నాళ్లూ ఆ కింద మాట చూడలేదు.

నవంబర్ 29, శనివారం

దుర్గవ్వతో చెప్పాను. చెప్పాలని చెప్పలేదు. తానే లాగింది.

"ఏందయ్య, బువ్వ ముంగట పెట్టుకొని దేవునికి పెట్టినట్టు చూస్తున్నవ్? నీ జిగురుకు జరమొచ్చిందా?"

"సచ్చింది."

"ఎప్పుడు?"

"గ్రహణం నాడు. గరిక పెట్టిన."

నవ్వుతుందనుకున్నాను. కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"గరిక ఏడ కోసినవ్?"

"నాలా పక్కపొంటి. కడిగిన."

"నేను నాలా పక్కది తెస్తె పాలల్ల ఎయ్యద్దని తిడ్తివి గద పోయినసారి."

మొత్తం చెప్పాను. కవరు సంగతి, సార్‌తో చెప్పిన మాట, ఆ అమ్మాయి నా గురించి చెప్పిన మాట. పైనుంచి విమానం పోతే ఆగి, అది పోయాక మళ్లీ చెప్పాను.

"గరిక పెట్టుడు పెద్ద ముచ్చట గాదు. తెల్వక పెట్టినవ్. బెరుకు ఇత్తనం బస్తాల పోసి మూతి కుట్టినవ్ సూడు, గది పెద్దది. గట్లాంటోన్ని ఊళ్లె ఉండనియ్యద్దు అని పంచాయితిల నువ్వే అంటివి."

"ఇప్పుడు చెప్తె ఏమొస్తది? నౌకరి పోతది."

"పోనీ. బర్లు గాసుకో."

"నౌకరి గాదే."

"మరేంది?" మళ్లీ తానే అంది. "ఆ పిల్ల నిన్ను గారు అంటది. గది పోతది. గంతేనా?"

పళ్లెం తీసుకుని లోపలికి పోయింది. గిన్నెలు కడుగుతూ లోపలి నుంచే అంది. "నీ గారు కోసం దాని బతుకు బీడు పెడ్తవా?"

నవంబర్ 30, ఆదివారం

ల్యాబుకు పోయి ఓట్స్ వేశాను. డిష్‌ల ముందర కూచున్నాను.

బెంగుళూరు పోయేముందు ఆమె చెప్పింది పొద్దుటినుంచి తలలో తిరుగుతోంది. శ్రావణ్‌కుమార్ రకంలో ఆ జన్యువు పని చేయదు. టైముంటే దాని మీద కూడా చేసి చూడాలి. అని కదా చెప్పింది.

చేసింది కదా. మూడుసార్లు చేసింది. ఆమెకు తెలియదు అంతే.

జన్యువు పని చేసే రకంలో నకలు దాని పక్కన మొదలైంది. పని చేయని రకంలో మొదలవలేదు. రెండూ నిజమే. ఆమె మొదటి నుంచి చెప్తున్నదీ అదే. సాగు ఆగిన చోట నకలు మొదలు కాదు. నాకు చదువు లేదు, నేను తప్పు చెప్తుండవచ్చు. ఆమెకు చెప్తే ఆమె తేలుస్తుంది. వారం పని అని సారే అన్నాడు.

సెప్టెంబర్ పదికి ముందు ఏది, తరవాత ఏది అన్నది ఈ భూమ్మీద నాకు ఒక్కడికే తెలుసు. ఆ తేదీలు ఉన్నది ఈ పుస్తకం ఒక్కదాంట్లోనే.

డిసెంబర్ 1, సోమవారం

రేపు పదకొండు గంటలకు కమిటీ. ఈ రోజు చెప్పాలని పోయాను. ఆమె సార్ గదిలోనే ఉంది. రెండుసార్లు బయటకు వచ్చింది. మొదటిసారి ట్రేలు తుడుస్తూ ఉండిపోయాను. రెండోసారి "ముత్తయ్యగారూ, రేపటి నుంచి నేను రాకపోవచ్చు, వీటికి ఓట్స్ మాత్రం ఆపకండి" అంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నేను తల ఊపాను. ఊపడం తప్ప ఏం చేయలేదు. సిగ్గులేని తల.

ఇంటికి వచ్చి ఒక తెల్ల కాగితం తీశాను. పుస్తకం ఇవ్వకుండా, పనికొచ్చే నాలుగు వాక్యాలే నకలు రాసి ఇద్దామనుకున్నాను. తేదీ, కవరు, రకం, అంతే. పన్ను నొప్పి మాటలు, సార్‌తో బుకాయించిన మాటలు, దుర్గవ్వ తిట్లు ఆ అమ్మాయి ఎందుకు చదవాలి? మూడుసార్లు మొదలు పెట్టాను. సెప్టెంబర్ పదో తేదీ నుంచి మొదలు పెడితే డిష్‌లు ఎట్లా చచ్చాయన్నది రాదు. అది రాకపోతే ఉత్త కాగితం ఎవరు నమ్ముతారు? పని మనిషికి డబ్బులిచ్చి రాయించుకుంది అంటారు. ఈ పుస్తకమైతే పేజీలకు నెంబర్లున్నాయి. వంకర అక్షరాలున్నాయి. ఇన్ని అబద్ధాలు ఎవడూ పనిగట్టుకుని రాయడు.

నకలు వద్దు. అసలే ఇస్తాను.

పొద్దున ఏడు గంటల బస్సుకు పోతాను. ఆమె గేటు దాటకముందే చేతిలో పెడతాను. కమిటీ వాళ్లు చదువుతారు. సార్ చదువుతాడు, ఈసారి కళ్లద్దాల్లోంచే. ముత్తయ్య ఎవడో అందరికీ తెలుస్తుంది. ఆ అమ్మాయి నన్ను ఏమని పిలుస్తుందో తెలియదు. పిలవకపోవచ్చు కూడా.

దుర్గవ్వ వచ్చి పక్కన కూచుంది. ఆమెకు చదవడం రాదు. "అన్ని రాసినవా?" అంది. ఇంకొంచెం ఉందన్నాను.

కట్టుబాటు ప్రకారం చేశాను. ఎక్కడా చెరపలేదు. పేజీ చింపలేదు. సెప్టెంబర్ 8, 10, 13, మూడు చోట్లా ఒకే గీత కొట్టి పక్కన నిజం రాశాను. ఏడో తేదీది ఆఖరుకు చేశాను. "ఏం కాలేదు" మీద గీత కొట్టాను. కింద అక్షరాలు బాగా కనబడుతున్నాయి. పక్కన ఇట్లా రాశాను:

నాలుగు డిష్‌లలో గరిక పెట్టాను. నేనే పెట్టాను. నాలుగూ చచ్చాయి. ఇప్పుడున్నవి శ్రావణ్‌కుమార్ రకం. సింధు మేడంది తప్పు లేదు.

తేదీ వేశాను. భూమి కాగితాల మీద ఆనాడు వేలిముద్రే వేశాను. ఈ రోజు సంతకం పెట్టాను, వంకరగా వచ్చింది. అయినా చదవడానికి వస్తుంది.

ముత్తయ్య